ఓఆర్‌ఎస్ పొట్లంలో గ్లూకోజ్ ఎందుకు ఉంటుంది?

నమస్కారం. విరేచనాలతో నీరసించిన పిల్లవాడికి ఓఆర్‌ఎస్ తాగించమని వైద్యులు చెబుతారు. ఒంట్లోంచి పోయిన లవణాలను భర్తీ చేయడానికే అందులో ఉప్పు ఉందని మనకు తెలుసు. గ్లూకోజ్‌ను మాత్రం రుచి కోసమో, ఓపిక కోసమో కలిపారని చాలామంది అనుకుంటారు. అసలు కారణం చిన్నపేగు లోపలి కణాల త్వచంలో ఉంది.

కేంద్రకం, మైటోకాండ్రియా, రైబోజోముల గురించి బడిలో చదువుకున్నాం కనుక వాటి దగ్గర ఆగను. కణాన్ని చుట్టి ఉండే ప్లాస్మా త్వచం మందం సుమారు 7 నానోమీటర్లు. అందులో ఫాస్ఫోలిపిడ్ అణువులు రెండు వరుసలుగా, నీటితో కలిసే తలలు వెలుపలి వైపులకూ, నీటితో కలవని కొవ్వు తోకలు మధ్యకూ ఉండేలా అమరి ఉంటాయి. ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ ఈ పొరగుండా, గాఢత ఎక్కువ ఉన్న వైపు నుంచి తక్కువ ఉన్న వైపుకు, విసరణ ద్వారా వాటంతటవే వెళ్లిపోతాయి. విద్యుదావేశం ఉన్న సోడియం అయానుకూ, నీటిలో కరిగే పెద్ద అణువైన గ్లూకోజ్‌కూ ఆ వీలు లేదు. వాటిని దాటించే పని త్వచంలోని ప్రోటీన్లది.

పేగు కణంలో రక్తం వైపున్న త్వచంలో సోడియం-పొటాషియం పంపు ఉంటుంది. దీన్ని 1957లో వెల్లడించిన డెన్మార్క్ శాస్త్రవేత్త యెన్స్ స్కౌకు 1997లో నోబెల్ బహుమతి లభించింది. కణానికి శక్తినిచ్చే ఏటీపీ అణువును ఒక్కొక్కటిగా ఖర్చు చేసి ఈ పంపు మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. ఈ సక్రియ రవాణా వల్ల కణంలో సోడియం ఎప్పుడూ తక్కువగానే ఉండి, పేగులోని సోడియం లోపలికి రావడానికి సిద్ధంగా ఉంటుంది. అయితే పేగు వైపున్న ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రోటీను, ఖాతాదారు తాళంచెవీ బ్యాంకు తాళంచెవీ రెండూ పడితేనే తెరుచుకునే లాకరు లాంటిది: రెండు సోడియం అయాన్లూ ఒక గ్లూకోజ్ అణువూ కలిసి వస్తేనే లోపలికి పంపుతుంది. సోడియం, గ్లూకోజ్ ఇలా జంటగా ప్రయాణిస్తాయని జీవరసాయన శాస్త్రవేత్త రాబర్ట్ క్రేన్ 1960లో ప్రాగ్ నగరంలో ప్రతిపాదించారు. అవి వెళ్లిన వైపే ద్రవాభిసరణ ద్వారా, అంటే కరిగిన పదార్థాలు ఎక్కువున్న వైపుకు నీరు కదిలే తీరు వల్ల, నీరూ వెళ్తుంది.

ఇప్పుడు కలరా సంగతి. 1959లో కలకత్తాలో శాస్త్రవేత్త శంభునాథ్ డే కలరా విషాన్ని గుర్తించారు. ఆ విషం పేగు కణంలో సంకేతాలు మోసే సైక్లిక్ ఏఎంపీ అనే అణువును పెంచి క్లోరైడ్ మార్గాలను తెరిచిపెడుతుంది. క్లోరైడ్ పేగులోకి పారుతుంది, దాని వెంట సోడియం, వాటి వెంట నీరు. ఉప్పును పీల్చుకునే మామూలు దారి కూడా దెబ్బతింటుంది కాబట్టి ఉత్త ఉప్పునీరు తాగించినా ఒంటబట్టదు. కానీ ఎస్‌జీఎల్‌టీ1 మాత్రం చెక్కుచెదరకుండా పనిచేస్తూనే ఉంటుంది. అందుకే ఉప్పుకు గ్లూకోజ్ తోడైతే, ఆ దారిలో ఉప్పూ దాని వెంట నీరూ ఒంట్లోకి చేరతాయి. లక్షల ప్రాణాలను నిలిపినది ఈ ఒక్క వాస్తవమే అని నేను గట్టిగా నమ్ముతాను.

1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన పశ్చిమ బెంగాల్ సరిహద్దు పట్టణం బన్‌గావ్‌లో సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ములలో ఉంచి తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి.

తీపి ఎంత ఎక్కువైతే అంత బలమని అనుకోవడం మాత్రం ప్రమాదకరం. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రస్తుత సూత్రం ప్రకారం లీటరు నీటిలో గ్లూకోజ్ 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు ఉండాలి. అంటే సోడియం, గ్లూకోజ్ చెరి 75 మిల్లీమోల్స్, అణువుల లెక్కలో రెండూ సమానం. చక్కెర మితిమీరితే, పీల్చుకోగా మిగిలినది పేగులోనే ఉండిపోయి ద్రవాభిసరణ వల్ల ఒంట్లోని నీటినే పేగులోకి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. అందుకే తీపి పానీయాల డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అన్న పేరు వాడకూడదని హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆ పేరును అలా వాడటాన్ని నిషేధించింది.

పొట్లం మీద ఎన్ని నీళ్లు రాసి ఉంటే అన్ని నీళ్లలోనే మొత్తం పొడి కలపండి. అదనంగా పంచదార వేయకండి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. పిల్లవాడు మగతగా ఉండి తాగలేకపోతుంటే మాత్రం ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకెళ్లండి. అప్పుడు నీరు నరం ద్వారానే ఎక్కాలి.