ఆఫీసర్ చదివే ఒక్క పేజీ: ఫాగింగా, డ్రమ్ములా?

నమస్తే అండీ. రీసెర్చ్ పేపర్లు చదివి ఊరుకోకుండా, ఆరోగ్య శాఖలో నిర్ణయం తీసుకునేవాళ్ల దాకా ఆ సంగతి ఒక్క పేజీ నోట్‌గా చేర్చాలనుకునే వాళ్లకి ఈ వీడియో.

మన వైజాగ్ ఉదాహరణే తీసుకుందాం. వానలు పడ్డాయి, డెంగీ కేసులు పెరిగాయి, కార్పొరేటర్లు ఫాగింగ్ మెషిన్ పంపమని ఫోన్ మీద ఫోన్. ఉన్న డబ్బు పొగకి పెట్టాలా, ఇంటింటికీ తిరిగి నిల్వ నీళ్లు తీయించడానికి పెట్టాలా? ఆఫీసర్ ముందున్న ప్రశ్న ఇదే, కాబట్టి మీ నోట్‌లో మొదటి లైనూ ఇదే ఉండాలి. "ప్రపంచవ్యాప్తంగా డెంగీ..." అని మొదలుపెట్టారో, రెండో లైన్ ఎవరూ చదవరు.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. వైద్య పరిశోధన పేపర్లు వెతికే పబ్‌మెడ్ వెబ్‌సైట్‌లో డెంగీ వెక్టర్ కంట్రోల్ (అంటే డెంగీ దోమల నియంత్రణ) అని ఇంగ్లీషులో కొట్టి, ఎడమవైపు ఫిల్టర్లలో సిస్టమాటిక్ రివ్యూ, అంటే ఒక ప్రశ్న మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి కలిపి చూసేది, టిక్ చేయండి. మనకి నచ్చిన ఒక్క పేపర్ పట్టుకుని పరిగెత్తకూడదు కదా, అందుకు. 2016లో వచ్చిన ఒక రివ్యూ, దోమల నియంత్రణలో ఏ పద్ధతికైనా గట్టి ఆధారాలు చాలా తక్కువని తేల్చింది. ఇక్కడ జాగ్రత్త: ఆధారం దొరకలేదంటే పని చేయదని రుజువైనట్టు కాదు. ఇంకోవైపు, 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో నికరాగ్వా, మెక్సికోల్లో 150 ప్రాంతాలు తీసుకుని, వాటిలో సగం చోట్ల జనమే పూనుకుని దోమలు పెరిగే చోట్లు తొలగించేలా చేస్తే, పిల్లల్లో డెంగీ ఇన్ఫెక్షన్ మిగతా చోట్లకంటే 29.5 శాతం తక్కువగా కనిపించింది.

"నికరాగ్వా ఎక్కడ, మన వైజాగ్ ఆరిలోవ ఎక్కడ?" అని ఆఫీసర్ అడుగుతారు. అడగాలి కూడా. అందుకే వార్డుల వారీగా కేసులు, లార్వా (నీళ్లలో పెరిగే దోమ పిల్లలు) ఏ పాత్రల్లో దొరుకుతోందో మలేరియా విభాగం వాళ్లని అడిగి పక్కనే పెట్టండి. నా దృష్టిలో పేజీలో బరువైన భాగం ఇదే.

"ఫాగింగ్ ఆపేయండి" అని మాత్రం రాయకండి. కేసులు ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ఎగిరే దోమల్ని తగ్గించడానికి దాన్ని వాడతారు, నీళ్లలోని లార్వాని అది ఏమీ చేయదు. రెండు దారులూ రాసి, ఒక్కోదానికి ఖర్చెంత, ఎంతమంది మనుషులు కావాలి, మన నమ్మకం ఎంత గట్టిది, ఇవి చెప్పండి చాలు.

పంపేముందు ఒక ఆశా వర్కర్‌తో చదివించండి. "కుళాయి రోజూ రాదండీ, డ్రమ్ము ఖాళీ చేయమంటే ఎవరూ ఒప్పుకోరు" అని ఆవిడ అంటే, బిగుతుగా మూత పెట్టించడం అనే దారి కూడా చేర్చి, అప్పుడు పంపండి.