కొబ్బరికాయ కొట్టిన తర్వాత నాలుగేళ్లు

శ్రోతలకు నమస్కారం.

విశాఖపట్నం రామకృష్ణా బీచ్‌లో ఒడ్డెక్కించిన కురుసుర జలాంతర్గామిని మీలో చాలామంది చూసే ఉంటారు. లోపల ఆ గుండ్రటి తలుపులు గుర్తున్నాయా? ముందు ఒక కాలు లోపల పెట్టి, నడుం వంచి, తల తగలకుండా చూసుకుంటూ దూరాలి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు వెనక వైపున్న డీజిల్ ఇంజన్ల దగ్గర చాలాసేపు నిలబడిపోయాను. ఇంజన్ నడవాలంటే గాలి కావాలి. నీళ్ల అడుగున గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? అందుకే మునిగినంతసేపు బ్యాటరీల మీదే నడవాలి. చార్జింగ్ తగ్గిపోతే పైకి తేలాలి, లేదంటే గాలి గొట్టమైనా నీటి పైకి ఎత్తాలి. శత్రువు కంట పడేది సరిగ్గా అప్పుడే. కురుసుర 1969 నుంచి 2001 దాకా అలాగే కొలువు చేసింది.

ఆ అవసరం లేని పడవ కూడా ఇదే ఊళ్లో తయారైంది. పేరు ఐఎన్ఎస్ అరిహంత్. అరిహంత్ అంటే శత్రువులను సంహరించేది.

2009 జులై 26, కార్గిల్ విజయ దినం. విశాఖలోని షిప్ బిల్డింగ్ సెంటర్‌లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ సమక్షంలో ఆయన సతీమణి గురుశరణ్ కౌర్ పడవకు కొబ్బరికాయ కొట్టారు. కొత్త బండి కొన్నా, బోరు వేసినా మనం చేసేది అదే కదా. ఆరు వేల టన్నుల అణు జలాంతర్గామికీ అదే మర్యాద జరిగింది. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు ఎంతో ఆనందంగా ఉంటుంది.

1948లో ఇదే విశాఖలో నెహ్రూ గారు ప్రారంభించిన జలఉష ఓడ ఏటవాలు గట్టు మీద నుంచి జారుతూ సముద్రపు నీళ్లను తాకింది. అరిహంత్‌ను అలా జార్చలేదు. అది కూర్చున్న డ్రైడాక్ పేరు మత్స్య. ఆ డాక్‌లోకి నీళ్లు వదిలితే, నీటిమట్టంతోపాటు పడవ మెల్లగా పైకి లేచి తేలింది. విష్ణుమూర్తి మొదటి అవతారం పేరున్న చోట అది తేలడం చూసినవాళ్లకు ఎలా అనిపించి ఉంటుందో!

ఇక దాని గుండెకాయ సంగతికి వద్దాం. అందులో 83 మెగావాట్ల రియాక్టర్ ఉంది. యురేనియం పరమాణువులు చీలినప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడిని నీళ్లు మోసుకెళతాయి. మన ప్రెషర్ కుక్కర్‌లో లాగే ఒత్తిడి వల్ల ఆ నీళ్లు నూరు డిగ్రీలు దాటినా మరగవు. వేరే గొట్టాల్లోని నీళ్లకు అవి వేడినిస్తే, ఆ రెండో నీళ్లు ఆవిరై టర్బైన్‌ను, అంటే పడవను నడిపే రెక్కల చక్రాన్ని, తిప్పుతాయి. ఈ పని దేనికీ గాలి అక్కర్లేదు. సిబ్బంది పీల్చే ఆక్సిజన్‌ను కూడా కరెంటుతో నీటి నుంచే తీయవచ్చు. ఇలాంటి పడవను ఒడ్డుకు రప్పించేది ఇంధనం కాదు, వంటసరుకులు నిండుకోవడం, మనుషుల ఓపిక అయిపోవడం.

చెప్పడానికి తేలికే. అటూ ఇటూ ఒరిగే పడవలో, ఇరుకైన చోట, చప్పుడు బయటికి పొక్కకుండా అదంతా పనిచేయాలి. లోతుకు పోయేకొద్దీ ప్రతి పది మీటర్లకూ పైనున్న గాలంత బరువు అదనంగా మీద పడుతుంది. అందుకే భాభా అణు పరిశోధన కేంద్రం వాళ్లు ముందుగా తమిళనాడులోని కల్పాక్కంలో, నేల మీదే, ఇలాంటి రియాక్టర్‌ను కట్టి నడిపి చూశారు.

నా మనసుకు బాగా పట్టిన విషయం ఒకటుంది. కొబ్బరికాయ కొట్టిన రోజున ఆ రియాక్టర్ ఇంకా రాజుకోలేదు. అది క్రిటికల్ దశకు, అంటే పరమాణువుల చీలిక తనంతట తానే ఆగకుండా సాగే స్థితికి చేరింది 2013 ఆగస్టు 10న. నాలుగేళ్లు! ఆ నాలుగేళ్లూ రేవులోనే గొట్టాలు, పంపులు, వాల్వులు ఒక్కొక్కటే పరీక్షించారు. రియాక్టర్ రాజుకోకముందే ఒడ్డు నుంచి ఆవిరి పంపి యంత్రాలను నడిపి చూశారు. ఆ రోజుల్లో అక్కడ పనిచేసిన వెల్డర్లు, ఫిట్టర్లు, ఇంజనీర్లు ఎంత టెన్షన్ పడి ఉంటారో. ఇంటికి వెళ్లాక "ఇవాళ ఏం చేశావు?" అని భార్యాపిల్లలు అడిగినా చెప్పుకోలేని ఉద్యోగం అది.

తర్వాత 2014 డిసెంబరులో సముద్రంలోకి వెళ్లింది. 2016లో నౌకాదళంలో చేరింది. క్షిపణులతో తొలి గస్తీ పూర్తి చేసిందని 2018 నవంబరు 5న ప్రధాని మోదీ ప్రకటించారు. మనం ముందుగా అణ్వస్త్రం వాడబోమని మాట ఇచ్చిన దేశం. ఆ మాట మీద నిలబడాలంటే, ఎవరైనా మన మీద దాడి చేసినా దెబ్బ తగలకుండా మిగిలే ఆయుధం ఒకటుండాలి. నీటి అడుగున ఎక్కడుందో తెలియని పడవ అందుకే కావాలి. దాని డిజైన్‌లో నిశ్శబ్దానికి అంత విలువ ఉన్నది అందుకే.

దాని తోబుట్టువు అరిఘాత్ కూడా విశాఖలోనే పుట్టి, 2024 ఆగస్టు 29న విధుల్లో చేరింది. ఈ ఊళ్లోనే జలాంతర్గామి సిబ్బందికి శిక్షణనిచ్చే కేంద్రం పేరు ఐఎన్ఎస్ శాతవాహన.

అరిహంత్‌ను మనం చూడలేం. కురుసుర లోపలికి మాత్రం టికెట్ కొనుక్కుని వెళ్లవచ్చు. ఈసారి విశాఖ వెళితే, ఆ డీజిల్ ఇంజన్ల దగ్గర కాసేపు ఆగి, పక్కనున్న పిల్లలకు చెప్పండి: ఇవి ఆడాలంటే గాలి కావాలి, ఇప్పుడు సముద్రం అడుగున తిరిగే అరిహంత్‌కు అక్కర్లేదు అని.

నమస్కారం.