సైకిల్ మీద పలకరింపు: ముందు ఎవరు, ఎప్పుడు, ఎలా

నమస్కారం. ఈరోజు వీడియోలో మాట్లాడుకునేది ఒకటే విషయం. రోడ్డు మీద ఒక సైకిలిస్టు ఇంకో సైకిలిస్టును ఎలా పలకరించాలి? చిన్న సంగతిలాగే కనిపిస్తుంది. కానీ పొద్దున్నే రైడ్‌కి వెళ్లేవాళ్ల మధ్య నొచ్చుకోవడాలు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. "నేను చెయ్యి ఊపాను, చూసి కూడా చూడనట్టు పోయాడు" అనే మాట వినపడని గ్రూపు ఉండదు. అంతకంటే ముఖ్యం, తప్పుడు సమయంలో పలకరిస్తే మనుషులు కింద పడతారు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. లక్షల సైకిలా, మామూలు సైకిలా, సీనియరా, జూనియరా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఆ క్షణంలో ఎవరికి వెసులుబాటు ఉందో వాళ్లే ముందు పలకరించాలి. చేతులు ఖాళీగా ఉన్నవాళ్లు, బరువు మొయ్యనివాళ్లు, వెనక నుంచి వస్తూ ముందున్న మనిషిని చూడగలుగుతున్నవాళ్లు.

మొదట, ఎదురుపడినప్పుడు. మీరు గంటకు 25 కిలోమీటర్లతో వెళ్తున్నారు, ఎదుటి మనిషీ అంతే వేగంతో వస్తున్నాడు. ఇద్దరూ దగ్గరయ్యే వేగం గంటకు 50, అంటే సెకనుకు దాదాపు 14 మీటర్లు. 50 మీటర్ల దూరంలో ఒకరినొకరు గమనిస్తే, మూడున్నర సెకన్లలో పక్కపక్కకు వచ్చేస్తారు. ఆ కాస్త సేపట్లోనే ఆయన గుంత చూసుకోవాలి, పక్కన ఆటోని కనిపెట్టాలి, మీ చెయ్యి చూడాలి, తిరిగి జవాబివ్వాలి. మీరు 10 మీటర్ల దూరం వచ్చాక చెయ్యెత్తితే ఆయనకు ముప్పావు సెకను కూడా మిగలదు. ఆయన చెయ్యి లేచేసరికి మీరు దాటిపోయి ఉంటారు. "పలకలేదు" అని మీరు బాధపడుతున్న చాలా సందర్భాల్లో జరిగేది ఇదే. కాబట్టి 40, 50 మీటర్ల దూరంలోనే పలకరించండి. జవాబు కనిపించకపోతే అక్కడితో మర్చిపోండి.

చెయ్యి మొత్తం ఎత్తి ఊపాల్సిన పని లేదు. ఈ క్లోజప్ చూడండి. రోడ్ బైక్ అయితే అరచెయ్యి బ్రేక్ హుడ్ (బ్రేక్ లివర్ పైన ఉండే రబ్బరు తొడుగు పట్టు) మీదే ఉంచి, నాలుగు వేళ్లు మాత్రం పైకి లేపండి. బొటనవేలు లోపలి వైపు పట్టుకునే ఉంటుంది, కాబట్టి చిన్న గుంత తగిలినా హ్యాండిల్ చేజారదు. తల ఊపుతున్నారా? హెల్మెట్, నల్ల కళ్లద్దాలు ఉన్నప్పుడు చిన్న కదలిక అవతలివాళ్లకు అస్సలు తెలియదు. గడ్డం స్పష్టంగా కిందికి దించి ఎత్తండి. నవ్వు ఇంకా బాగా కనిపిస్తుంది.

ఇక ఏ చెయ్యి? ఎడమ చేత్తో పలకరించడం మనవాళ్లకు మర్యాదగా అనిపించదు, ముఖ్యంగా పెద్దవాళ్లకు. కానీ మన దేశంలో చాలా సైకిళ్లకు ముందు చక్రం బ్రేక్ కుడి చేతి వైపు ఉంటుంది. ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు బ్రేక్‌దే. కుడి చెయ్యి తీస్తే అది పోతుంది. పైగా కొన్ని దిగుమతి సైకిళ్లకు ఇది తారుమారుగా ఉంటుంది. బయల్దేరే ముందు సైకిల్‌ని ముందుకు తోస్తూ కుడి లివర్ నొక్కండి, ముందు చక్రం ఆగిందో వెనక చక్రం ఆగిందో తెలిసిపోతుంది. ఖాళీ రోడ్డు, సమతలం, వేగం తక్కువ అయితే కుడి చెయ్యి నిరభ్యంతరంగా ఎత్తండి. ట్రాఫిక్‌లో, దిగుడులో, తడి రోడ్డు మీద రెండు చేతులూ బ్రేకుల దగ్గరే ఉండాలి. అప్పుడు తల, చిరునవ్వు, "నమస్తే అన్నా" అనే మాట సరిపోతాయి. పెద్దాయన ఎదురైనా సరే, రెండు చేతులూ వదిలి దండం పెట్టకండి. వేగం తగ్గించి తల వంచితే ఆయనకు గౌరవం అందుతుంది.

చెయ్యి ఎత్తినప్పుడు సైకిల్ పక్కకు లాగేది ఎందుకంటే, మిగిలిన చెయ్యి హ్యాండిల్ చివర ఉంటుంది, మీ పైభారం ఆ చివరనే నొక్కుతుంది. ఆ చేతిని మధ్యలోకి, హ్యాండిల్‌ని సైకిల్‌కి కలిపే స్టెమ్ దగ్గరికి జరిపితే సైకిల్ నిటారుగా పోతుంది. కానీ అక్కడ బ్రేక్ లివర్ అందదు. అందుకే ఇది ఖాళీ రోడ్డు మీద చేసే పని.

ఇప్పుడు అసలు ప్రమాదం ఉన్న చోటికి వద్దాం. వెనక నుంచి దాటేటప్పుడు పలకరించడం. ఎదురుగా వచ్చేవాళ్ల విషయంలో మర్యాద తప్పితే మనసు నొచ్చుకుంటుంది, అంతే. ఇక్కడ తప్పితే ఎముక విరుగుతుంది.

మనిషి భుజం మీదుగా వెనక్కి చూస్తే, చూసిన వైపుకే హ్యాండిల్ కూడా కొద్దిగా తిరుగుతుంది. తలతో పాటు భుజం, భుజంతో పాటు చెయ్యి కదులుతాయి. మన దగ్గర అందరం ఎడమ పక్క నడుపుతాం, కుడి పక్క నుంచి దాటుతాం. మీరు సరిగ్గా ఆయన కుడి భుజం పక్కకు వచ్చి గట్టిగా "గుడ్ మార్నింగ్" అన్నారనుకోండి. ఆయన ఉలిక్కిపడి కుడికి చూస్తాడు, సైకిల్ కుడికే జరుగుతుంది, అక్కడ మీరున్నారు. రెండు హ్యాండిళ్లూ తగులుకుంటే ఇద్దరూ పడతారు. వెనక లారీ ఉంటే సంగతి చెప్పక్కర్లేదు.

కాబట్టి 10 నుంచి 15 మీటర్ల వెనకే ఒక్కసారి బెల్ కొట్టండి. ఆయన కంటే మీరు గంటకు 8 కిలోమీటర్లు వేగంగా ఉన్నారంటే, 10 మీటర్లు చేరడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. వెనక్కి చూసి, మళ్లీ ముందుకు తిరిగి, సైకిల్ సర్దుకోవడానికి అది సరిపోతుంది. ఆయన తల ముందుకు తిరిగాకే దాటండి. ట్రాఫిక్ హోరులో బెల్ వినపడదనిపిస్తే నోటితో చెప్పండి, "అన్నా, కుడి పక్క నుంచి వస్తున్నా". మొత్తం వాక్యం చెప్పాలి. ఒక్క "రైట్!" అని అరిస్తే, అలవాటు లేని మనిషి కుడికి జరగమన్నారేమో అనుకుంటాడు. అమెరికా వీడియోలు చూసి "ఆన్ యువర్ లెఫ్ట్" అనేవాళ్లు కూడా ఉన్నారు. అక్కడ బండ్లు కుడి పక్క నడుస్తాయి, ఎడమ నుంచి దాటతారు. ఇక్కడ ఆ మాట వింటే ఎదుటివాళ్లు తప్పు వైపు చూస్తారు.

దాటుతున్నప్పుడు పక్కకు రాగానే ఒక్క మాట, "గుడ్ మార్నింగ్ అన్నా", "థాంక్యూ అక్కా". దాటాక వెంటనే ఎడమకు కోసుకు రావొద్దు. సైకిల్ పొడవు దాదాపు 1.75 మీటర్లు. కనీసం రెండు సైకిళ్ల పొడవు ముందుకు పోయాకే లోపలికి రండి. మీ వెనక చక్రానికి వాళ్ల ముందు చక్రం రాసుకుంటే పడేది వాళ్లే. గుంపుగా దాటుతుంటే మొదటి మనిషి "వెనక ఇంకా నలుగురున్నారు" అని చెప్పాలి, ఆఖరి మనిషి "నేనే లాస్ట్" అనాలి. ఇరవై మందీ ఇరవై గుడ్ మార్నింగ్‌లు చెప్తే ఆయన ఎవరికని తిరిగి చెప్తాడు?

హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన ఉన్న సోలార్ పైకప్పు ట్రాక్ మీద ఇదంతా రోజూ కనిపిస్తుంది. 2023 అక్టోబర్ 1న ప్రారంభమైంది. ప్రారంభించినప్పుడు మొత్తం 23 కిలోమీటర్లు: నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు వైపు పద్నాలుగున్నర. వెడల్పు నాలుగున్నర మీటర్లు, మూడు లేన్లు. అంటే ఒక్కో లేన్ మీటరున్నర. మౌంటెన్ బైక్ హ్యాండిల్ ఒక్కటే 80 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. ఇద్దరు పక్కపక్కన కబుర్లు చెప్పుకుంటూ వెళ్తే మధ్యలో ఎడం కలుపుకుని రెండు మీటర్లు పోయినట్టే. మాట్లాడుకోండి, తప్పులేదు. వెనక బెల్ వినగానే ఒకరు వెనక్కి తగ్గి ఒకే వరసలోకి రావడమే అక్కడ పలకరింపుకు సరైన జవాబు. ఇయర్‌ఫోన్లు రెండు చెవుల్లోనూ పెట్టుకుంటే ఆ బెల్ వినపడే దారే లేదు.

జెర్సీ, హెల్మెట్ ఉన్నవాళ్లనే పలకరించి, పక్కనే పాల క్యాన్లతో వెళ్తున్న మనిషిని, నైట్ డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న సెక్యూరిటీ గార్డును, పేపర్ వేసే కుర్రాణ్ణి చూడనట్టు వెళ్లిపోవడం మాకు అస్సలు నచ్చదు. ఆ రోడ్డు మీద అందరికంటే ఎక్కువ రోజులు సైకిల్ తొక్కేది వాళ్లే. ముందు మీరే పలకరించండి. "బాబాయ్", "అన్నా", "తమ్ముడూ", పాతబస్తీ వైపు "భాయ్, సలాం". కానీ వాళ్ల దగ్గర్నుంచి చెయ్యి ఆశించకండి. రెండు పక్కలా క్యాన్లు వేలాడుతుంటే పాలు లోపల ఊగుతాయి, ఆ ఊపు హ్యాండిల్ దాకా వస్తుంది. క్యారియర్ మీద గ్యాస్ సిలిండర్ ఉంటే ముందు చక్రం తేలికై స్టీరింగ్ తడబడుతుంది. ఆ మనిషి ఒక చెయ్యి తీశాడంటే బండి ఒరిగినట్టే. బరువు మోసే సైకిల్‌కి మామూలు కంటే మీటరు ఎక్కువ ఎడం ఇచ్చి, పక్క నుంచి మాట చెప్పి వెళ్లండి.

రేసులకు ప్రాక్టీస్ చేసేవాళ్ల విషయం వేరు. ఏరో బార్ల మీద మోచేతులు ఆన్చి వంగి పోతున్న మనిషికి బ్రేకులు చేతిలో ఉండవు. చెయ్యి తియ్యడం సంగతి అటుంచి, తల ఎత్తినా లైను తప్పుతాడు. ఆయన పలక్కపోతే పొగరనుకోకండి. చక్రంతో పాటే పెడల్ తిరిగే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ వాళ్లకు కదులుతున్నంతసేపు కాళ్లు ఆపే వీలు లేదు, ఆగి మాట్లాడాలని పిలవకండి. అలాగే తెలియని మనిషి వెనక చక్రం దగ్గర గాలి చాటున దూరి తొక్కేముందు "మీ వెనక రావచ్చా?" అని అడగాలి. అడక్కుండా దూరితే, మీరున్న సంగతి తెలియక ఆయన గుంత చూసి బ్రేక్ వేస్తే మీరు నేరుగా వెళ్లి గుద్దుకుంటారు.

ఒంటరిగా తొక్కుతున్న ఆడవాళ్లను పలకరించడం అంటే ఒక్క మాట, ఒక్క నవ్వు, మీ వేగంతో మీరు వెళ్లిపోవడం. పక్కనే వేగం కలిపి నడపడం, దాటి మళ్లీ నెమ్మదించడం, సీటు ఎత్తు గురించి అడగని సలహా ఇవ్వడం, ఇవన్నీ ఇబ్బంది పెట్టే పనులే. అనంతగిరి లాంటి చోట మట్టి దారుల్లో ఎదురైతే, దిగేవాళ్లు ఆగి ఎక్కేవాళ్లకు దారి ఇవ్వాలి. ఎత్తులో ఒకసారి కాలు దించితే మళ్లీ ఎక్కి కదలడం చాలా కష్టం. రొప్పుతూ ఎక్కే మనిషి మాట్లాడకపోయినా ఏమీ అనుకోవద్దు.

బ్రెవే, అంటే గడువులోపు పూర్తి చెయ్యాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం, చేసేవాళ్లది ఇంకో లోకం. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 300కు 20, 400కు 27, 600కు 40 గంటలు. ఇది రేసు కాదు, అందుకే అక్కడ పలకరింపు ఎక్కువ. గడువు ఉంది కాబట్టి తీరిక మాత్రం తక్కువ. రాత్రి పూట ఎదురైతే లైటు మిణుకు మిణుకుమనిపించవద్దు. ఎదుటి మనిషికి కళ్లు చెదిరి కొన్ని సెకన్లు రోడ్డు కనిపించదు. లైటు ఒక మెట్టు తగ్గించండి, అదే పలకరింపు. హెల్మెట్ లైటుతో నేరుగా మొహంలోకి చూడకండి. ముందున్న మనిషి సైకిల్ అటూ ఇటూ ఊగుతుంటే నిద్ర ముంచుకొస్తోందని అర్థం. పక్కకు వెళ్లి అరవకుండా, రెండు సైకిళ్ల దూరం నుంచే మామూలు గొంతుతో పేరో నంబరో పిలిచి మాట కలపండి. తేరుకోకపోతే తర్వాతి టీ కొట్టు దగ్గర ఆపించండి. ఇంకా ఎంత దూరం అని అడిగితే మీ మీటర్ చూసి ఉన్నదే చెప్పండి. "దగ్గరికొచ్చేశాం" అని ధైర్యం చెప్తే, దాన్ని నమ్మి ఆయన నీళ్లు నింపుకోకుండా వెళ్లిపోతాడు.

చివరిగా, రోడ్డు పక్కన సైకిల్ తలకిందులుగా పెట్టుకుని ఎవరైనా నిలబడి ఉన్నప్పుడు. వేగంగా పోతూ బొటనవేలు చూపించి "ఓకేనా?" అంటే మొహమాటానికి ఓకే అనేస్తారు. నెమ్మదించి, "ఏం కావాలి? ట్యూబా, ప్యాచా, గాలా?" అని అడగండి. అలా అడిగితే నిజం చెప్తారు. రోడ్ బైకుల్లో ఎక్కువ ప్రెస్టా వాల్వ్, సన్నగా, చివర చిన్న నట్టుతో ఉంటుంది. చాలా మౌంటెన్ బైకులకు కారు టైరుకున్నట్టు ష్రేడర్. ష్రేడర్ ట్యూబు వాల్వ్ 8 మిల్లీమీటర్లు, ప్రెస్టా రిమ్ములో రంధ్రం 6 మిల్లీమీటర్లే, కాబట్టి అది ఇందులో దూరదు. మామూలు సైకిళ్లకు ఉండేది డన్‌లప్ వాల్వ్. ప్రెస్టా పంపు డన్‌లప్ వాల్వ్‌కి కూడా పట్టుకుంటుందని చాలామందికి తెలియదు. అంటే మీ జెర్సీ జేబులోని చిన్న పంపుతో పాలబ్బాయి సైకిల్‌కి గాలి కొట్టవచ్చు. కొట్టే ముందు వాల్వ్ మీది గుండ్రటి నట్టు బిగించి చూడండి. అది వదులైతే ఎంత కొట్టినా గాలి నిలవదు. నట్టు బిగించినా కారుతుంటే లోపలి రబ్బరు గొట్టం చీలి ఉంటుంది, దాన్ని మార్చాలి. పాత తరహా వాల్వులకు ఆ గొట్టం ముక్క ఏ పంక్చర్ షాపులోనైనా దొరుకుతుంది. రెండు ముక్కలు మీ టూల్ పౌచ్‌లో వేసి ఉంచుకోండి.