పని బల్ల కింద కనపడని సొరుగులు: విశాఖ ఉప్పు గాలికి తట్టుకునేలా

నమస్కారం అండీ. ముందు ఈ బల్లని ఒకసారి బాగా చూడండి. పొడవు 5 అడుగులు, వెడల్పు 2 అడుగులు, ఎత్తు 34 అంగుళాలు. ముందు వైపు అడ్డంగా పలకలు బిగించినట్టుంది. పిడి లేదు, తాళం కప్ప లేదు, కీలు లేదు. ఇప్పుడు బల్ల పైపలక కింద ఉన్న సందులో చెయ్యి పెట్టి, ఇదిగో, ఇలా లాగుతున్నాను. వచ్చింది కదా? దీని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. రెండు వరసల్లో మొత్తం 8 సొరుగులు. ఉలులు, చిత్రికలు, పానాలు, డ్రిల్లు, అన్నీ ఇందులోనే ఉన్నాయి.

ఎందుకు దాచాలి అని అడుగుతారు. వైజాగ్‌లో మనలో చాలామందికి వర్క్‌షాప్ అంటే విడిగా గది కాదు. కారు పెట్టుకునే పోర్టికోలో ఒక మూల, లేదంటే మేడ మీద గది, ఫ్లాట్ అయితే వెనక బాల్కనీ. వీధిలో పోయేవాళ్ళ కళ్ళన్నీ అక్కడే పడతాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే పదును పెట్టిన ఉలి వాళ్ళ చేతికి అందకూడదు. ఇది ఒక కారణం. అసలు కారణం మాత్రం సముద్రం.

బయటి దేశాల వీడియోల్లో గోడ నిండా పెగ్‌బోర్డు, అంటే కొక్కేలు తగిలించే రంధ్రాల పలక పెట్టి, పనిముట్లన్నీ వరసగా వేలాడదీస్తారు. చూడ్డానికి ఎంతో బాగుంటుంది. మన ఊరికి మాత్రం నేను వద్దంటాను. లాసన్స్ బే కాలనీలోనో పెదవాల్తేరులోనో ఉన్నవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కిటికీ గ్రిల్లు పెయింటు ఎన్నాళ్ళు ఆగుతుందో వాళ్ళకే తెలుసు. సముద్రం మీంచి వచ్చే గాలిలో ఉప్పు నలుసులు ఉంటాయి. గాలిలో తేమ 75 శాతం దాటితే ఆ ఉప్పు తనే నీరు పీల్చుకుని కరిగిపోతుంది. అంటే వాన పడక్కర్లేదు, ఇనుము మీద కంటికి కనపడని ఉప్పునీటి పొర తయారైపోతుంది. తుప్పుకి ఇంతకంటే ఏం కావాలి? మన ఊళ్ళో తేమ 75 దాటడం అరుదేమీ కాదు, తెల్లవారుజామున అయితే మరీ మామూలు.

అందుకే ఇక్కడ పనిముట్లని కళ్ళకి కనపడకుండా దాచడం ఎంత ముఖ్యమో, వాటి చుట్టూ గాలి ఎలా తిరుగుతుందో ఆలోచించడం కూడా అంతే ముఖ్యం. ఈ బల్ల కొలతలన్నీ ఆ ఆలోచనతోనే పెట్టాను.

పైనుంచి కిందకి చెబుతాను, రాసుకోండి. పైపలక దాదాపు ఒకటిన్నర అంగుళాలు, 18 మి.మీ. ప్లై రెండు షీట్లు అతికించినది. దాని కింద 5 అంగుళాలు ఖాళీ. ఆ కింద 21 అంగుళాల ఎత్తున సొరుగుల పెట్టె. మిగిలిన ఆరున్నర అంగుళాలు నేల నుంచి ఎత్తు. మొత్తం 34.

ఆ 5 అంగుళాల ఖాళీ ఎందుకు, అక్కడ కూడా ఇంకో సొరుగు పట్టేది కదా అనిపిస్తుంది. దయచేసి దాన్ని నింపకండి. బల్ల అంచుకి చెక్క బిగించాలంటే క్లాంపు కింద దవడ కూర్చోడానికి చోటు కావాలి. బిరడాలు పెట్టడానికి పైపలకలో చేసిన రంధ్రాల్లోంచి రంపం పొట్టు కిందికి రాలాలి. ఆ పొట్టు సొరుగుల్లో పడకుండా పెట్టె మీద ఒక మూత పలక ఉంది, సందులో బ్రష్ పెట్టి తుడిచేస్తే సరి. రంపం పొట్టుని తేలిగ్గా తీసుకోవద్దు. అది తేమ పట్టి ఉంచుతుంది, ఇనుముకి ఆనుకుని ఉంటే ఆ మేరకి తుప్పు మచ్చ పడుతుంది.

ఇంకో పని కూడా ఆ సందుతోనే. సొరుగు లాగే చోటు అదే.

ఇప్పుడు కెమెరా దగ్గరికి తెస్తాను, ఇక్కడ చూడండి. మొదటి సొరుగు ముందు పలక ఎత్తు 3 అంగుళాలు. దాని వెనక ఉన్న సొరుగు పెట్టె ఎత్తు 2 అంగుళాలే. అంటే పలక పై అంచు ఒక అంగుళం లేచి ఉంది. సందులోంచి వేళ్ళు పోనిచ్చి ఆ అంచు వెనక పట్టుకుని లాగితే మొదటి సొరుగు వస్తుంది. అది రెండు అంగుళాలు ముందుకి వచ్చాకే రెండో సొరుగు పలక పై అంచు బయటపడుతుంది. దాన్ని పట్టుకుని లాగితే రెండోది. ఆ తర్వాత మూడోది. మొదటిది తెరవనంత వరకు కింది వాటికి పట్టే లేదు. కొన్ని పాత భోషాణాల్లో ఒక అర బయటికి తీస్తే గానీ దాని వెనక రహస్య అర కనపడదు. ఆ పద్ధతే ఇది. స్ప్రింగు లేదు, లాక్ లేదు, చెడిపోయే భాగమే లేదు.

నొక్కితే తెరుచుకునే క్యాచ్‌లు దొరుకుతాయి కదా అంటే, వంటింటి అల్మరాకి అవి బాగానే ఉంటాయి. పని బల్లకి పెట్టకండి. సుత్తితో రెండు దెబ్బలు వేస్తే, మోకాలు ఆనితే, సొరుగు తనంతట తనే తెరుచుకుంటుంది. లోపల సన్నటి పొట్టు చేరితే క్యాచ్ పట్టేస్తుంది.

మరి పలకల మధ్య సందులు కనపడవా? కనపడతాయి. అందుకే ముందు భాగమంతా ప్రతి 3 అంగుళాలకి ఒక సన్నటి గాడి అడ్డంగా తీశాను. సొరుగుల ఎత్తులు వరసగా 3, 3, 6, 9. కలిపితే 21. ప్రతి సందూ ఏదో ఒక గాడి ఉండాల్సిన చోటే పడుతుంది. 9 అంగుళాల సొరుగు పలక మీద ఉత్త గాడులు రెండు, 6 అంగుళాల దాని మీద ఒకటి. ఏది సందో, ఏది గాడో చేత్తో తడిమితే గానీ తెలియదు. రెండు వరసల మధ్య నిలువు గీత ఒకటి తప్పదు, అది పలకలు కలిసిన చోటులాగే ఉంటుంది. ఇంకో మాట. ఒక వరసలోని పలకలన్నీ ఒకే చెక్కలోంచి, అదే వరస క్రమంలో కొయ్యండి. చెక్క రేఖలు పైనుంచి కిందికి తెగకుండా నడుస్తాయి. కన్ను మోసపోయేది అక్కడే.

లోపలి లెక్క. కాళ్ళ మధ్య దూరం 46 అంగుళాలు, అంటే 1168 మి.మీ. రెండు పక్కలు, మధ్య గోడ, మూడూ 18 మి.మీ. ప్లై. అవి పోగా ఒక్కో వరసకి 557 మిగిలింది. సొరుగు జారే పట్టాకి, అంటే బాల్ బేరింగ్ టెలిస్కోపిక్ ఛానల్‌కి, ఒక్కో వైపు అర అంగుళం, 12.7 మి.మీ. కావాలి. రెండు వైపులా 25.4. నేను 26 తీసేసి సొరుగు వెడల్పు 531 పెట్టాను. అర మిల్లీమీటరు తక్కువైతే ఛానల్ వెనక అట్టముక్క పెట్టి సరిచేసుకోవచ్చు. ఎక్కువైతే మాత్రం సొరుగు పట్టేస్తుంది, మళ్ళీ విప్పి చిత్రిక పట్టాల్సిందే. ఛానల్ పొడవు 18 అంగుళాలు. ఎంత బరువు ఆపుతుందో ప్యాకెట్ మీద ఉంటుంది, చూసి కొనండి. ఇనప సామాను బరువు బట్టల బరువు కాదు.

అందుకే సొరుగు అడుగు విషయంలో నేను గట్టిగా చెబుతాను. కార్పెంటర్‌కి ఊరికే సొరుగు చెయ్యమంటే 6 మి.మీ. ప్లై కింద నుంచి మేకులు కొట్టి ఇచ్చే అలవాటుంది. పానాల సెట్టు పెట్టిన కొన్నాళ్ళకే ఆ అడుగు కిందికి జారుతుంది. పక్క పలకల్లో లోపలి వైపు గాడి తీసి, 9 మి.మీ. ప్లై అందులోకి దోపించండి. 9 అంగుళాల సొరుగుకైతే 12. బరువైనవి ఎప్పుడూ కింది సొరుగులోనే పెట్టండి, బల్ల కూడా కదలకుండా నిలబడుతుంది.

ప్లై కొనేటప్పుడు షీటు మీద ఐఎస్ఐ ముద్ర పక్కన ఐఎస్ 710 అని ఉందా అని చూడండి. అది మెరైన్ గ్రేడు. 72 గంటలు నీళ్ళలో మరిగించినా పొరలు విడిపోకూడదని ఆ ప్రమాణం చెబుతుంది. అంత మంచి ప్లై అయినా కోసిన అంచు పచ్చిగా వదిలేస్తే తేమ అక్కణ్ణించే ఎక్కుతుంది. ప్రతి అంచుకీ టేకు బీడింగ్, అంటే సన్నటి చెక్క పట్టీ అతికించండి, లేదంటే కనీసం సీలర్ రెండు పూతలు వెయ్యండి. ముందు పలకలకి నేను పాత టేకు వాడాను. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు వచ్చిన గుమ్మాల చెక్క అది. బాగా ఆరి, మగ్గిన చెక్క కాబట్టి వానాకాలంలో పెద్దగా ఉబ్బదు. మేకులు మిగిలి ఉంటాయి, రంపం పెట్టే ముందు అయస్కాంతంతో వెతకండి.

ఇక తాళం. మొదటి సొరుగు ఆగితే వరస మొత్తం ఆగుతుంది, కాబట్టి వరసకి ఒక్క కడ్డీ చాలు. సొరుగు వెనక పలకకి 2 అంగుళాల చెక్కముక్క ఒకటి వెనక్కి పొడుచుకొచ్చేలా బిగించి, దానికి రంధ్రం చేశాను. సరిగ్గా దానికి పైన మూత పలకలోనూ, బల్ల పైపలకలోనూ రంధ్రాలున్నాయి. పైనుంచి 8 మి.మీ. కడ్డీ దింపితే సొరుగు కదలదు. కడ్డీ తలకి చెక్క బిరడా అతికించాను. చెక్కని ఆపడానికి బల్ల మీద పెట్టే బిరడాలు ఎలాగూ ఉంటాయి కదా, వాటిలో ఇదీ ఒకటిగా కలిసిపోతుంది. కడ్డీ గాజువాక ఆటోనగర్‌లో లేత్ షాపులో ఎవరైనా కోసి ఇస్తారు, స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. గునపం తెచ్చే దొంగని ఇది ఆపదు. పిల్లల్ని, చేతివాటం ఉన్నవాళ్ళని ఆపుతుంది.

సొరుగుల పెట్టె లోతు 20 అంగుళాలు, బల్ల వెడల్పు 24. ముందు పలకలకి ఒక అంగుళం పోయినా వెనక 3 అంగుళాలు మిగిలింది. ఆ చోటుని వదలకండి. బల్ల పక్క పలక పైకి జారుతుంది, ఇదిగో. లోపల పొడవాటి రంపం, అల్యూమినియం పట్టీ, పెద్ద మూలమట్టం నిలువుగా దూరిపోతాయి. ఆర్‌కే బీచ్‌లో ఐఎన్ఎస్ కురుసురా సబ్‌మెరైన్ ఉంది కదా, 1969లో నేవీలో చేరి, 2002లో మ్యూజియం అయింది. ఈసారి వెళ్ళినప్పుడు సెల్ఫీలు కాసేపు ఆపి, మంచాలు ఎక్కడ ఇరికించారో, పైపుల మధ్య సామాను చోట్లు ఎలా పెట్టారో చూడండి. చిన్న జాగాలో పనిచేసేవాళ్ళకి అంతకంటే మంచి పాఠం మన ఊళ్ళో లేదని నా అభిప్రాయం.

కింద ఆరున్నర అంగుళాల్లో కూడా ఒక సొరుగు ఉంది. కాలి దగ్గర పలక అనుకుంటారు గానీ అదీ లాగితే వస్తుంది. ఎప్పుడో గానీ వాడనివి అందులో. నేలకి ఒకటిన్నర అంగుళం ఎత్తులో ఆపాను, పోర్టికో నీళ్ళు పోసి కడుగుతాం కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసినవాళ్ళకి నీళ్ళు ఎటునుంచైనా వస్తాయని తెలుసు, కాబట్టి ఆ సొరుగులో కరెంటు సామాను మాత్రం పెట్టకండి. కాళ్ళ కింద గ్రానైట్ ముక్కలు పెట్టండి. తడి ఎక్కదు, చెదలు ఎక్కితే మట్టి గీత వెంటనే కనపడుతుంది.

ఇప్పుడు గాలి సంగతి. పూర్తిగా మూసుకోక, గాలీ బాగా ఆడక ఉండే సొరుగు అన్నిటికంటే చెడ్డది. రాత్రి ఇనుము చల్లబడుతుంది, పొద్దున్న వెచ్చటి తేమ గాలి లోపలికి వస్తుంది, లావుపాటి ఇనుము అంత త్వరగా వేడెక్కదు కాబట్టి దాని మీద చెమ్మ పడుతుంది. ఆ చెమ్మ పోయే దారి ఉండాలి. అందుకే పెట్టె వెనక పలకకి 25 మి.మీ. రంధ్రాలు వరసగా చేసి, లోపలి వైపు దోమల జాలీ కొట్టాను. జాలీ లేకపోతే కందిరీగలు మట్టి గూళ్ళు కడతాయి.

పానాలు, సుత్తులు, క్లాంపులకి ఈ గాలి చాలు, నూనె గుడ్డతో తుడిస్తే సరిపోతుంది. ఉలులు, చిత్రిక బ్లేడ్లు వేరు. వాటికి గాలి చొరబడని డబ్బా కావాలి, రబ్బరు అంచు మూత ఉన్నది. లోపల సిలికా జెల్ పొట్లం. నారింజ రంగు గుళికలు తేమ పట్టాక ముదురు పచ్చ అవుతాయి, వంటకి వాడని పాత మూకుడులో సన్నటి సెగ మీద వేడి చేస్తే మళ్ళీ పనికొస్తాయి. ఆ డబ్బాని 3 అంగుళాల సొరుగులో పడుకోబెట్టండి. డబ్బాలో స్పాంజీ పరచకండి, తోలు తొడుగులు వద్దు. స్పాంజీ తడి దాచుకుంటుంది, తోలు శుద్ధి చెయ్యడానికి వాడే మందులు ఇనుముని తింటాయి.

షిప్‌యార్డ్‌లో, స్టీల్ ప్లాంట్‌లో ఫిట్టర్లుగా చేసి రిటైరైన పెద్దవాళ్ళని ఎవరినైనా అడగండి, పని అయ్యాక పనిముట్టు తుడవకుండా పెట్టరు. చేతి చెమటలోనూ ఉప్పే కదా. పొడి గుడ్డతో తుడిచి, కుట్టు మిషను నూనె రెండు చుక్కలు రాయండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురెక్కి దుమ్ము పట్టుకుంటుంది.

ఒక్క జాగ్రత్త, దీన్ని మాత్రం పిల్లలున్న ఇంట్లో అస్సలు తప్పకండి. డ్రిల్లు బ్యాటరీ సొరుగులో పెట్టి ఛార్జింగ్ చెయ్యకండి. ఛార్జింగ్ ఎప్పుడూ బల్ల పైనే, మీరు చూస్తుండగానే. థిన్నరు, టర్పెంటైన్ సీసాలు కూడా ఈ పెట్టెలోకి రానివ్వకండి. ఆవిర్లు మూసిన చోట నిలిచిపోతాయి, ఒక్క నిప్పురవ్వ చాలు. వాటికి బయట, ఎండ తగలని చోట, పిల్లలకి అందని ఎత్తులో విడిగా ఇనప డబ్బా పెట్టుకోండి.

మీ బల్ల పొడవు వేరైతే, కాళ్ళ మధ్య దూరంలోంచి 18 మి.మీ. పలకలు ఎన్ని పడతాయో వాటి మందం ముందు తీసేసి, మిగిలినదాన్ని వరసలకి పంచి, ఒక్కోదాంట్లోంచి 26 మి.మీ. తీసెయ్యండి. అదే మీ సొరుగు వెడల్పు. కొయ్యడం మొదలుపెట్టేది ఛానళ్ళు కొని చేతిలో పట్టుకున్నాకే, దాని మందం స్కేలుతో కొలిచాకే.