జీపు ముందు గోల ఎక్కడిది?

శ్రోతలకు నమస్కారం.

ఒడిశాలోని కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో పాత జీపులకు ఇంకా పని తీరలేదు. నారాయణపట్నం, బంధుగాం వైపు సంత రోజున వెళితే ఓఆర్ నంబరు ప్లేటున్న మహీంద్రా బళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి. ఓఆర్ అంటే 2012లో ఓడీ నంబర్లు రాకముందు రిజిస్టరైన బండి అన్నమాట. వేలంలో కొన్న మారుతీ జిప్సీలూ అక్కడక్కడా ఉన్నాయి. ఇంజను ఎలాగో నడుస్తుంది, బాడీకి ఆంధ్రా వైపు సాలూరులో మాట్లు వేయించుకోవచ్చు. ఓనరుకి టెన్షన్ పెట్టేది ముందు యాక్సిల్, అంటే ముందు చక్రాల ఇరుసు.

వెనక యాక్సిల్ బరువు మోస్తుంది, బండిని తోస్తుంది. ముందుది బరువు మోస్తూ, ఫోర్ వీల్ వేసినప్పుడు, అంటే నాలుగు చక్రాలకూ పవర్ పంపినప్పుడు, బండిని లాగుతూనే చక్రాలను పక్కకు తిప్పాలి. పక్కకు తిరిగిన చక్రానికీ పవర్ అందాలి కాబట్టి షాఫ్టు చివర ఓ జాయింటు, చక్రం మళ్లడానికి పైనా కిందా కింగ్ పిన్ బేరింగులు, చక్రం బిగించే మధ్యభాగమైన హబ్‌లో వీల్ బేరింగులు, రెండు చక్రాలనూ కలుపుతూ టై రాడ్డు, వీటి మధ్య ఆయిలు కారకుండా ఆపే సీళ్లు. ఇన్ని ఉన్నచోట ‘ముందు ఏదో గుడగుడమంటోంది బాబూ’ అంటే మేస్త్రీ మాత్రం ఏం చెప్తాడు? బేరింగ్ మారుస్తాడు. గోల పోదు. షాఫ్టులను కలిపే క్రాస్ మారుస్తాడు. అప్పటికీ పోకపోతే యాక్సిల్ మధ్యలో పవర్‌ను చక్రాల వైపు మళ్లించే పళ్ల చక్రం, అదే క్రౌన్, విప్పుదామంటాడు. అందాజు మీద విప్పిన ప్రతిదానికీ డబ్బు కట్టేది మనమే. బండి షెడ్డుకి చేరకముందే సగం సంగతి తేల్చుకోవచ్చని నేనంటాను. జాకీ, రెండు గట్టి దుంగలు, సాయానికి ఒక మనిషి ఉంటే చాలు.

మొదటి పరీక్షకు అవి కూడా అక్కర్లేదు. కొన్ని బళ్లకు ముందు చక్రాల మధ్యలో ఫ్రీ, లాక్ అని తిప్పుకునే హబ్‌లు ఉంటాయి. బండి టూ వీల్‌లో, అంటే వెనక చక్రాలకే పవర్ వెళ్లేలా, ఉండగా రెండు హబ్‌లూ ఫ్రీలో పెడితే చక్రాలు బేరింగుల మీద తిరుగుతాయి కానీ లోపలి షాఫ్టులు, క్రౌన్, ముందు యాక్సిల్‌కి పవర్ తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్టు కదలవు. అలా కొంత దూరం నడపండి. తర్వాత హబ్‌లు లాక్ చేసి, టూ వీల్, ఫోర్ వీల్ మార్చే లీవరు మాత్రం టూ వీల్‌లోనే ఉంచి, అదే రోడ్డు మీద అదే స్పీడులో మళ్లీ నడపండి. ఇప్పుడు లోపలివన్నీ తిరుగుతాయి. లాక్‌లో వచ్చిన గోల ఫ్రీలో పోయిందంటే తప్పు లోపల ఉంది: షాఫ్టు జాయింటో, క్రౌనో, ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసో. రెండిట్లోనూ ఒకేలా వస్తే లోపల విప్పే పనే లేదు, బయట వీల్ బేరింగు, టైరు, బ్రేకు చూసుకుంటే సరి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది, ఎందుకో ఎవరూ చెయ్యరు. హబ్ ఫ్రీ అయ్యే ఏర్పాటు లేని జీపుల్లో చక్రం మధ్యన షాఫ్టును హబ్‌కు కలిపే ఫ్లాంజి బోల్టులు విప్పి, ఫ్లాంజిని బయటికి లాగి, లోపలికి మట్టి పోకుండా మూసి టూ వీల్‌లో నడిపితే అదే ఫలితం తెలుస్తుంది.

వీల్ బేరింగే అనిపిస్తే ఏ వైపుదో మలుపులు చెబుతాయి. ఎడమ మలుపులో బరువు కుడి చక్రం మీదికి వాలుతుంది. అప్పుడు రొద పెరిగితే కుడివైపు బేరింగును అనుమానించాలి. సాలూరు నుంచి సుంకి ఘాట్ ఎక్కేవాళ్లకు మలుపులకేం కొదవ! ఇక స్టీరింగ్ పూర్తిగా తిప్పి ఫోర్ వీల్‌లో మట్టి మీద నడిపినప్పుడు టకటకమంటే, అది షాఫ్టు చివరి జాయింటు అరిగిన చప్పుడు.

ఇప్పుడు జాకీ పని. వెనక చక్రాలకు రాళ్లు పెట్టి, ముందు ఒక చక్రం లేపి, యాక్సిల్ కింద దుంగ పెట్టండి. ఉత్త జాకీని నమ్మి బండి కిందికి దూరవద్దు. చక్రాన్ని పైనొక చెయ్యి, కిందొక చెయ్యి వేసి ఊపండి. ఆట, అంటే వదులు కదలిక, ఉందంటే వెంటనే వీల్ బేరింగ్ అనేస్తారు చాలామంది. తొందరపడకండి. సాయం వచ్చిన మనిషిని బ్రేకు గట్టిగా తొక్కమని, మళ్లీ ఊపండి. బ్రేకు పట్టుకుంటే హబ్ స్థిరంగా నిలుస్తుంది కాబట్టి బేరింగు ఆట కనిపించదు. బ్రేకు తొక్కినా ఆట మిగిలితే అది కింగ్ పిన్‌ది. చేతులు అడ్డంగా, అటూ ఇటూ వేసి ఊపినప్పుడు మాత్రమే ఆట వస్తే టై రాడ్డు ఎండ్లు చూడాలి.

ఈ కింగ్ పిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి రోడ్లలో జనాన్ని భయపెట్టే జబ్బు దీనితో ముడిపడి ఉంది. యాభై, అరవై స్పీడులో ఒక చక్రం గోతిలో పడగానే స్టీరింగ్ చేతుల్లోంచి ఊడిపోతుందేమో అన్నంతగా ముందు చక్రాలు రెండూ ఊగిపోతాయి. అప్పుడు గట్టిగా బ్రేకు కొట్టకూడదు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ పట్టుకుని, మెల్లగా స్పీడు తగ్గనివ్వాలి. షెడ్డుకి వెళితే వీల్ బ్యాలెన్స్ చేస్తారు, లేదంటే ఊపును అణిచే స్టీరింగ్ డ్యాంపర్ బిగిస్తారు. డ్యాంపర్ పెడితే ఊపు అణిగినట్టే ఉంటుంది కానీ అరిగినది అరిగినట్టే ఉంటుంది. అందుకే డ్యాంపర్‌ను వైద్యంగా నేను ఒప్పుకోను. బండి ఎక్కువసేపు నేరుగానే నడుస్తుంది కదా, కింగ్ పిన్ బేరింగు రోలర్లు ఒకేచోట దెబ్బలు తిని అక్కడ గాడులు పడతాయి. టై రాడ్డు విడదీసి చక్రాన్ని చేత్తో అటూ ఇటూ మళ్లిస్తే సరిగ్గా మధ్యలో పట్టేసినట్టు తెలుస్తుంది. కమాన్ కట్టల, అంటే స్ప్రింగు పట్టీల, బుష్షులు అరిగినా, వాటిని యాక్సిల్‌కి బిగించే యూ బోల్టులు వదులై యాక్సిల్ కొంచెం జరిగినా ఇదే ఊపు రావచ్చు. ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు రెండు వైపులా టేపుతో కొలవండి. తేడా వస్తే ఏదో ఒక యాక్సిల్ జరిగినట్టే, కమాన్ కట్టల సెంటర్ బోల్టు తెగిందేమో చూడాలి.

టై రాడ్డు ఎండ్లకు, ఇంజను ఆపి, ఒకరు స్టీరింగ్ కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఇంకొకరు ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూడాలి. ఒక ముక్క కదిలి పక్కది ఆలస్యంగా కదిలితే ఆట అక్కడే. పాత మోడల్ జీపుల్లో మధ్యనుండి స్టీరింగ్ కదలికను టై రాడ్డులకు అందించే బెల్ క్రాంకును మరిచిపోవద్దు.

వానాకాలం గెడ్డలు దాటేవాళ్లకు ఇంకో తలనొప్పి. ఘాట్ ఎక్కి వేడెక్కిన యాక్సిల్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి ముడుచుకుంటుంది. హౌసింగ్ మీద గాలి పోవడానికి చిన్న బ్రీదరు ఉంటుంది. అది బురదతో మూసుకుపోతే సీళ్ల సందుల్లోంచి నీళ్లు లోపలికి లాగుతుంది. క్రౌన్ ఆయిలు పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి. బ్రీదరుకి రబ్బరు ట్యూబు తగిలించి బానెట్ దాకా పైకి తీసుకెళ్తే ఈ బెడద చాలావరకు తప్పుతుంది. చక్రం వెనకున్న గుండ్రటి ఇనుప గుండు మీద పల్చటి జిడ్డు కారుతుంటే లోపలి సీలు పోయి, క్రౌన్ ఆయిలు గ్రీజుతో కలిసి బయటికి వస్తోందని అర్థం. బయటి సీలు ఒక్కటే మారిస్తే మళ్లీ కారుతుంది. ఆ జిడ్డు బ్రేకు దాకా వెళితే బండి ఒక పక్కకు లాగుతుంది కూడా.

జబ్బు కానిది ఒకటుంది. ఫోర్ వీల్ వేసి తారు రోడ్డు మీద మలుపు తిరిగితే స్టీరింగ్ బిగిసిపోతుంది, టైర్లు ఎగిరినట్టవుతాయి, లీవరు టూ వీల్‌కి రాదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం తిరుగుతాయి. మట్టిలో ఆ తేడా టైరు జారి సర్దుకుంటుంది, తారు మీద జారదు. నేరుగా కొంచెం రివర్స్ చేస్తే లీవరు వదులుతుంది. ముందూ వెనకా వేరే సైజు టైర్లు వేసినా ఇదే అవస్థ.

చివరగా సామాన్ల మాట. కింగ్ పిన్ బేరింగులు పైదీ కిందిదీ కలిపే మార్చండి. విప్పేటప్పుడు బిగువు సరిచేసే పల్చటి రేకులు, అదే షిమ్ములు, ఏ వైపువి ఆ వైపే విడిగా కట్టి పెట్టించండి. విజయనగరం వెళ్లి కొన్నా, జయపురంలో కొన్నా పాత బేరింగును గుడ్డలో చుట్టి వెంట తీసుకెళ్లండి. దాని అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది, దుకాణంలో మోడల్ పేరు చెప్పేకన్నా ఆ నంబరు చూపించడం మేలు.