పట్టుచీరలు పట్టుచీమలైతే ఏం చేద్దాం?

కడప వై.వి. స్ట్రీట్ అన్నలకూ అక్కలకూ నమస్కారం. బేరాలు వదులుకుని వచ్చారు, షాపు పేజీలో పెట్టిన పోస్టులో తప్పు పడితే ఏం చేయాలో సోది లేకుండా చెప్తాను.

ధర్మవరం చీరల మీద డిస్కౌంట్ పెట్టారనుకోండి. ఫోన్ కీబోర్డు పుణ్యమా అని పోస్టర్ మీద ‘పట్టుచీమలపై 30 శాతం తగ్గింపు’ అని పడింది. మీరు చూసుకునేలోపే ఎవడో స్క్రీన్‌షాట్ తీసి ఊళ్లోని గ్రూపులన్నిటికీ తోసేశాడు. ఇట్లాంటిది దొరికితే మనవాళ్లు వదుల్తారా! టెన్షన్‌లో మనం ముందు డిలీట్ కొడతాం, ఆ తర్వాత పోస్టు పెట్టిన కుర్రాణ్ని అందరి ముందూ కేకలేస్తాం. రెండూ దండగే. స్క్రీన్‌షాట్ ఎటూ మీ చేతిలో లేదు.

దిద్దిన పోస్టర్ పెట్టి, ‘చీమలు స్టాకు లేవండీ, చీరలున్నాయి. తగ్గింపు మాత్రం అదే’ అని రాయండి. ‘కిలో చీమలు ఎంతన్నా?’ అని అడిగినోడికీ నవ్వుతూ జవాబివ్వండి. డబ్బులు కట్టి ప్రకటన వేసినా ఇంతమంది మీ పేజీకి రారు.

2011లో అమెరికన్ రెడ్ క్రాస్ ఉద్యోగి ఒకరు సొంత ఖాతా అనుకుని, బీరు ముచ్చట సంస్థ ట్విట్టర్‌లో పెట్టేశారు. సంస్థ ఆ ట్వీటు తీసేసింది గానీ నోరు మూసుకుని కూర్చోలేదు. మేం మత్తులో లేం, బండి తాళాలు లాక్కున్నాం అని సరదాగా చెప్పుకుంది. ఆ ట్వీటులో పేరున్న బీరు అభిమానులు రెడ్ క్రాస్‌కు విరాళాలిచ్చారు. 2018లో డీజిల్ బట్టల కంపెనీ అయితే న్యూయార్క్‌లో కావాలనే తన పేరు స్పెల్లింగు తప్పు రాసి, నకిలీ సరుకు కొట్టులా తెరిచి అసలు సరుకే అమ్మింది. అది మనకొద్దు. కావాలని చేసిన తప్పును కడప జనం రెండోసారికే పసిగడతారు.

శ్రద్ధాంజలి పోస్టులో పేరు తప్పు పడితే మాత్రం జోకులొద్దు. వెంటనే దిద్ది, ఆ ఇంటికి ఫోన్ చేయండి. మందుల షాపువాళ్లు డోసు తప్పు రాసినా అంతే, నవ్వే పని లేదు.

ధర దగ్గర ఇంకా చిక్కు. 1,999 బదులు 199 పడిందనుకోండి. నవ్వి దాటేస్తే కొనేవాడికి అది మోసంలాగే కనబడుతుంది. దిద్దేలోపు అడిగింది నలుగురైదుగురే అయితే ఆ రేటుకే ఇచ్చేయండి, ఆ మాట వాళ్లే ఊరంతా చెప్తారు. వందమంది వస్తే పొరపాటని సూటిగా ఒప్పుకుని, మీకు గిట్టే తగ్గింపు ఏదో చెప్పండి. ఆ జవాబు కుర్రాడికి వదిలేయకండి, ఓనరే రాయాలి. రేటు తేల్చేది ఆయనే కదా.