ఏటీవీ యాక్సిల్ బూటు చిరిగితే ఏం చేయాలి?

నమస్కారం. ఈ వీడియోలో ఏటీవీ (ఎగుడుదిగుడు నేల మీద తిరిగే నాలుగు చక్రాల బండి) సీవీ యాక్సిల్ బూట్లను, అంటే చక్రానికి శక్తిని చేరవేసే ఇరుసు కీళ్ల మీది రబ్బరు తొడుగులను, ఎలా కాపాడుకోవాలో, చిరిగినప్పుడు ఎలా మార్చాలో చూద్దాం. మన రిసార్టుల్లో తిప్పే చిన్న ఏటీవీలలో చాలావాటికి వెనుక చైను, రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు ఉంటాయి కాబట్టి, వాటి యజమానులకు ఈ బెడద లేదు. పొలారిస్ స్పోర్ట్స్‌మన్ 570 వంటి బండ్లలో మాత్రం నాలుగు చక్రాలకూ విడివిడి సస్పెన్షన్, నాలుగు యాక్సిళ్లు, ఒక్కొక్క యాక్సిల్‌కు లోపల ఒకటి, బయట ఒకటి చొప్పున మొత్తం ఎనిమిది బూట్లు ఉంటాయి. మారుతి 800 రోజుల నుంచీ మన మెకానిక్ షెడ్లలో బూటు మార్చడం తెలిసిన పనే. అయితే కారు బూటుకు తుప్పలూ, బురదా, మొనదేలిన రాళ్లూ రోజూ ఎదురుకావు.

యాక్సిల్ రెండు కొనల్లోనూ బూటు కింద ఒక్కొక్క జాయింటు, అంటే కీలు, ఉంటుంది. చక్రం వైపున ఉండే బయటి జాయింటు 1920లలో ఫోర్డ్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ జెప్పా రూపొందించిన పద్ధతిలో పనిచేస్తుంది. లోపలి రేసుకూ (గాడులున్న ఉక్కు ఉంగరం) బయటి గిన్నెకూ మధ్య గాడులలో సాధారణంగా ఆరు ఉక్కు గుండ్లు ఉంటాయి. చక్రం ఎటు తిరిగినా, పైకి లేచినా, కిందికి దిగినా వేగంలో ఎగుడుదిగుడు లేకుండా శక్తిని చేరవేసేవి ఆ గుండ్లే. గుండుకూ గాడికీ మధ్య ఒత్తిడి చాలా ఎక్కువ కనుక అక్కడ మాలిబ్డినం డైసల్ఫైడ్ కలిసిన నల్లటి గ్రీజు ఉండాలి. ఆ గ్రీజును లోపల నిలిపి ఉంచేదీ, మట్టినీ నీటినీ లోపలికి రానివ్వనిదీ ఈ మడతల రబ్బరు తొడుగు. అది చిరిగితే గ్రీజు బయటికి చిమ్ముతుంది, దాని చోట ఇసుక చేరి గాడులను అరగదీస్తుంది.

తెర మీద దగ్గరగా చూపిస్తున్న భాగాన్ని గమనించండి. చక్రం రిమ్ము లోపలి వైపునా, ఏ-ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే చేయి) మీదా గీతలు గీసినట్టు నల్లటి జిడ్డు పడి ఉంది. బూటు పైకి బాగానే కనిపిస్తున్నా, చక్రాన్ని పూర్తిగా ఒక పక్కకు తిప్పి, బొటనవేళ్లతో మడతలను విడదీసినప్పుడు మడత అడుగున సన్నటి చీలిక బయటపడింది. పగుళ్లు సాధారణంగా మొదలయ్యేది అక్కడే కాబట్టి, పై నుంచి ఒక చూపు చూసి బాగుందనుకోవడం పొరపాటు. మలుపులో టిక్ టిక్‌మనే చప్పుడు బయటి జాయింటుదీ, వేగం పెంచినప్పుడు వచ్చే అదురు లోపలి జాయింటుదీ కావచ్చు. చప్పుడు వచ్చే దాకా ఆగిన వారికి కొత్త బూటు వల్ల ప్రయోజనం ఉండదు, యాక్సిల్ మార్చుకోవలసిందే.

మార్చే విధానానికి వద్దాం. బండిని స్టాండ్ల మీద గట్టిగా నిలబెట్టి, చక్రం తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, హబ్ (చక్రం బిగించే భాగం) నట్టు విప్పి, ఏ-ఆర్మ్ నుంచి హబ్‌ను మోసే నకిల్‌ను విడదీస్తే యాక్సిల్ బయటి కొన హబ్‌లో నుంచి వస్తుంది. లోపలి కొనను డిఫరెన్షియల్‌లో (చక్రాలకు శక్తిని పంచే గేర్ల పెట్టె) పట్టి ఉంచేది సర్క్లిప్ అనే ఒక చిన్న స్ప్రింగు రింగు కాబట్టి, లోపలి జాయింటునే పట్టుకుని నేరుగా ఒక్క ఊపున లాగాలి. షాఫ్టును పట్టి లాగితే జాయింటు లోపలే ఊడిపోయే ప్రమాదం ఉంది. బయటికి తీసేటప్పుడు యాక్సిల్ కొన మీది పళ్ల (స్ప్లైన్ల) అంచులు ఆయిల్ సీలును గీరకుండా చూడండి.

యాక్సిల్‌ను వైసులో బిగించి, పాత క్లాంపులు కోసి, బూటును వెనక్కి జరిపిన తరువాత జాయింటు విప్పే తీరు తయారీదారును బట్టి మారుతుంది. కొన్నింటిలో లోపలి రేసు మీద మెత్తటి లోహపు కడ్డీ ఆనించి కొడితే ఊడివస్తుంది, కొన్నింటిలో రింగును ప్లయరుతో విడదీయాలి. ఆ తరువాతి పని శుభ్రపరచడం. నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైనది ఇదే, చాలామంది తొందరపడేదీ ఇక్కడే. పాత గ్రీజు పూర్తిగా తుడిచి, జాయింటును కడిగి, బాగా ఆరబెట్టండి. షెడ్లలో అలవాటైన డీజిల్ తడి మిగిలితే కొత్త గ్రీజు పలచబడుతుంది. గుండ్లను పట్టి ఉంచే పంజరాన్ని వంచుతూ ఒక్కొక్క గాడిలో గోరు నడపండి. గోరుకు గుంట తగిలినా, లోహం వేడికి నీలిరంగు తిరిగినా ఆ జాయింటుకు కొత్త బూటు తొడగడం దండగ.

అంతా బాగుంటే ముందుగా చిన్న క్లాంపునూ, బూటునూ షాఫ్టు మీదికి ఎక్కించాలి. జాయింటు బిగించాక అవి ఎక్కవు. కిట్‌తో వచ్చిన గ్రీజు ప్యాకెట్టులో ఎక్కువ భాగాన్ని గుండ్ల సందుల్లోకి వేలితో నొక్కి, మిగిలినది బూటులో వేసి, కొత్త సర్క్లిప్‌తో జాయింటును కూర్చోబెట్టాలి. సర్క్లిప్ పట్టుకుందో లేదో ఒకసారి లాగి చూడండి. బూటు చిన్న అంచు షాఫ్టు మీది గాడిలో కచ్చితంగా కూర్చున్నాక, చివరి క్లాంపు బిగించే ముందు మొద్దు అంచున్న సన్నటి పనిముట్టును అంచు కింద దూర్చి లోపలి గాలిని సరిచేయాలి. ఈ చిన్న పని మానేస్తే బూటు ఉబ్బిపోయో, లోపలికి పీల్చుకుపోయో మడతలు ఒకదానికొకటి రాసుకుంటాయి. క్లాంపు చెవిని దానికై ఉన్న పట్టకారుతోనే నొక్కండి. ప్లాస్టిక్ టై ఇంటికి చేరేందుకు పనికొస్తుంది, అంతకు మించి కాదు. యాక్సిల్ విప్పకుండానే అంటించే చీలిక బూట్ల మీద కూడా నాకు నమ్మకం లేదు, ఎందుకంటే ఆ అతుకు మీద గ్రీజు మరక ఏమాత్రం ఉన్నా జిగురు పట్టదు.

ఇక రక్షణ సంగతి. ఏ-ఆర్మ్‌లకు బిగించే గార్డులు కర్రలనూ రాళ్లనూ బాగానే అడ్డుకుంటాయి, కానీ గార్డుకూ బూటుకూ మధ్య ఎండిన బురద బూటును రాపిడి పెడుతుంది కనుక దానిని ప్రతిసారీ కడిగేయాలి. కడిగేటప్పుడు ప్రెషర్ వాషర్ ధారను క్లాంపు అంచుకు గురిపెట్టకండి. షాఫ్టుకు చుట్టుకున్న తీగలూ గడ్డీ అదే రోజు కోసి తీయండి. లిఫ్ట్ కిట్ వేసి బండిని ఎత్తు పెంచితే యాక్సిల్ వంపు పెరిగి మడతలు నలుగుతాయి. ఎత్తు నిజంగా అవసరమైతే అంత వంపును తట్టుకునే యాక్సిళ్లు కూడా వేయించుకోవాలి.

బిగింపు పూర్తయ్యాక హబ్ నట్టును మీ బండి మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే బిగించి, కొత్త స్ప్లిట్ పిన్ను వేయండి. డిఫరెన్షియల్ ఆయిల్ మట్టం చూసి, మొదటి ప్రయాణం తరువాత క్లాంపుల చుట్టూ జిడ్డు కనిపిస్తున్నదేమో వేలితో తడిమి చూడండి.